ఆ పిల్లలకు వాళ్లమ్మ గొంతు వినిపించనివ్వండి

గౌరవనీయులైన కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

బరంపురం నేతవాళ్ల వీధి నుంచి ఒక అమ్మమ్మ నమస్కరించి రాసుకుంటున్న విన్నపం ఇది. ఒడిశాలోని గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని కనుక నా భాషలోనే రాస్తున్నాను. హిందీ ప్రతిని మీ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో ఉంటారు. పెళ్లయిన పదకొండేళ్లకు, ఒడిశాలోనే ఒక శిశుగృహంలో ఉన్న ఐదేళ్ల పాపను, ఆమె తమ్ముడైన మూడేళ్ల బాబును దత్తత తీసుకోవడానికి, దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా అంగీకారం తెలిపారు. రెండు దేశాల అనుమతులూ ముగిసి నిరభ్యంతర పత్రం వచ్చింది. ఇక రావలసినవి జిల్లా మెజిస్ట్రేట్ (కలెక్టరు) ఉత్తర్వు, విదేశీ దత్తతలపై దేశాలు చేసుకున్న హేగ్ ఒప్పందం కింద ఇచ్చే ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా. పిల్లల పేర్లు గాని, గృహం ఉన్న ఊరు గాని బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అది సబబే.

ఆలస్యం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. దత్తత ఉత్తర్వులిచ్చే అధికారాన్ని 2022 సెప్టెంబరు 1 నుంచి కోర్టుల నుంచి జిల్లా మెజిస్ట్రేట్లకు మార్చింది పని త్వరగా జరగాలనే. దరఖాస్తు దాఖలైన రెండు నెలల్లో తేల్చాలని జువెనైల్ జస్టిస్ చట్టం 61వ సెక్షన్ చెబుతోంది. మాకు ఇది ఐదో నెల. తుపాన్ల జిల్లాల్లో కలెక్టరుకు ఎన్ని పనులుంటాయో 2013లో ఫైలిన్ తుపాను చూసిన మాకు తెలుసు కనుక ఇంతకు మించి ఫిర్యాదు చేయను. నా బాధంతా ఈ ఐదు నెలల్లో ఆ పసివాళ్ల మనసులకు ఏమవుతోందన్నదే.

శనివారం సాయంత్రం ఐదు గంటలకు, గృహం ఆఫీసు మూసే వేళకు, వీడియో కాల్ పెడతామన్నారు. న్యూజెర్సీలో అప్పుడు ఉదయం ఏడున్నర. పిల్లలు గుర్తుపట్టాలని మా అమ్మాయి ప్రతిసారీ అదే పసుపుపచ్చ చీర కట్టుకొని కూర్చుంటుంది. మొదటిసారి బాబు తెరను చూసి, మనిషి ఎక్కడుందోనని ఫోనును వెనక్కి తిప్పి వెతికాడు. మూడో వారం తను తింటున్న అటుకులు చిటికెడు తీసి, ఆమె నోటి దగ్గర తెరకు అద్దాడు. అమ్మాయి నోరు తెరిచి నమిలింది, వాడు మళ్లీ పెట్టాడు. తరువాతి వారం మనుషులు లేరని కాల్ పెట్టలేదు, ఆపై వారం ఇంటర్నెట్ లేదన్నారు. మళ్లీ కలిసిన రోజు వాడు ఆయా కొంగు వెనక నుంచి బయటికే రాలేదు. పాప మాత్రం ఒడియాలో ఒకే మాట అడిగింది: "బొఉ, నువ్వు కూడా వెళ్లిపోయావా?" బొఉ అంటే అమ్మ. ఆ "కూడా" అన్న మాట విన్నప్పటి నుంచి మా అమ్మాయికి నిద్ర లేదు, నాకూ లేదు.

నిరభ్యంతర పత్రం వచ్చాక, ఉత్తర్వు వచ్చేలోగా, పిల్లలను మన దేశంలోనే తాత్కాలికంగా తమ దగ్గర ఉంచుకునే వీలు నిబంధనల్లో ఉంది. అయితే ఉద్యోగస్తులకు దొరికేది మూడు వారాల సెలవు. ఉత్తర్వు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, ఇంటికి తెచ్చి, అన్నం కలిపి తినిపించి, పక్కన పడుకోబెట్టుకొని, సెలవు కాగానే తిరిగి గృహంలో దింపి వెళ్లడమంటే ఆ పిల్లలను మరోసారి వదిలేయడమే అవుతుందని మా వాళ్లు ఆ దారి వద్దనుకున్నారు. అందుకే వాళ్లకు ఆ శనివారపు కాల్ ఒక్కటే ఆధారం.

2022 నాటి దత్తత నిబంధనలు, కొత్త కుటుంబంలో కలిసిపోయేందుకు బిడ్డను మానసికంగా సిద్ధం చేయాలని, దత్తత తీసుకోబోయేవారితో బిడ్డ కలిసి మాట్లాడే ఏర్పాటు చేయాలని గృహాలకు చెబుతూనే, "అవసరమైన చోట" అన్న మాట జోడించాయి. ఆ ఒక్క మాట వల్ల అమ్మతో మాట్లాడడం బిడ్డ హక్కు కాకుండా, ఆ రోజు విధుల్లో ఉన్నవారి వీలును బట్టి జరిగే పని అయిపోయింది. బిడ్డ జ్ఞాపకాల ఆల్బం తయారుచేసి తల్లిదండ్రులకు అందించాలని అవే నిబంధనల్లో ఉంది, చాలా మంచి ఏర్పాటు. మా అమ్మాయి కూడా తన ఇల్లు, పిల్లలకు సిద్ధం చేసిన మంచాలు, వంటగది, వాళ్ల నాన్న ఫొటోలతో ఒక ఆల్బం పంపింది. పిల్లలు చింపేస్తారని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. చింపితే చింపనివ్వండి, మళ్లీ పంపుతాం.

నేను ఆ గృహానికి బస్సులో మూడు గంటల దూరంలో ఉన్నాను. వెళ్తే, దరఖాస్తులో పేరు లేనివారిని లోపలికి రానివ్వలేమన్నారు. పిల్లల అమ్మకాలను అరికట్టడానికే 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు కట్టుదిట్టాలు విధించిందని తెలుసు కనుక వారిని తప్పుపట్టను. నా గురించి పోలీసు విచారణ జరిపించండి, గృహం వారి ఎదుటే కూర్చోబెట్టండి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడి పెరిగినదాన్ని, ఒడియా రాని మా అల్లుణ్ని ఆ పిల్లలు "నాన్నా" అని పిలవడం నేను నేర్పగలను. మా ఊరి ఠాకురాణి యాత్రలో, రెండేళ్లకొకసారి, అమ్మవారు మా నేతవాళ్ల కులపెద్ద దేశిబెహరా కూతురిగా పుట్టింటికి వస్తారు. కనకపోయినా ఆడబిడ్డగా ఎదురేగి తెచ్చుకోవడం మాకు తరతరాల అలవాటు.

కాబట్టి నిబంధనల్లో "అవసరమైన చోట" అన్న మాట తీసేసి, నిరభ్యంతర పత్రం వచ్చిన రోజు నుంచి వారానికి కనీసం రెండు కాల్స్ తప్పనిసరి చేయమని, కాల్ తప్పితే కారణాన్ని రికార్డులో రాయించమని, తల్లిదండ్రులు పంపిన ఆల్బం, గొంతు రికార్డులు బిడ్డ చేతికే చేరేలా చూడమని, పోలీసు విచారణ పూర్తయిన అమ్మమ్మ తాతయ్యలను, నానమ్మ తాతయ్యలను పిల్లల దగ్గరకు వెళ్లనివ్వమని వేడుకుంటున్నాను. నిబంధనలు మారడానికి సమయం పడుతుందంటే, ఈలోగా గృహాలకు ఒక ఉత్తరం పంపించండి. శనివారం వస్తూనే ఉంటుంది.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.