విదేశాల్లో ఉన్న పిల్లల్ని రమ్మనే ముందు వాళ్ల వీసా కాగితాలు ఏ దశలో ఉన్నాయో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో ఉగాది సంబరాలు, కార్తీక వనభోజనాల ఫొటోలు చూస్తుంటాను, సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ ఫొటోల్లో ఉండే పిల్లల్లో కొంతమంది సొంత చెల్లెలి పెళ్లికి కూడా ఎందుకు రాలేకపోతున్నారో ఇక్కడ మనకు సరిగ్గా తెలియదు. తెలియకే నోటికొచ్చిన మాట అనేస్తున్నాం. ఈ ఉత్తరం దాని గురించే.

మొన్నామధ్య మా ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన పోయారు. పెద్దబ్బాయి అమెరికాలో గ్రీన్ కార్డుకి, అంటే శాశ్వత నివాస అనుమతికి, ఫైల్ చేసి ఉన్నాడు, రాలేకపోయాడు. చిన్నబ్బాయి కొరివి పెట్టాడు. పెద్దకర్మ రోజు స్టూలు మీద ఇత్తడి చెంబుకి ఫోను ఆనించి పెట్టారు. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఆ అబ్బాయి తలస్నానం చేసి పంచె కట్టుకుని కింద కూర్చున్నాడు, పంతులుగారు గోత్రం అడిగితే చెప్పాడు, మధ్యలో లైన్ తెగిపోతే మరదలు మళ్లీ కలిపింది. భోజనాల దగ్గర మాత్రం కొందరు "డాలర్లు మరిగాక నాన్న గుర్తుంటాడా" అన్నారు, అదీ వాళ్లమ్మకు వినబడేలా. నాకు చాలా బాధ, కోపం రెండూ వచ్చాయి.

అసలు సంగతి ఏమిటంటే, అమెరికాలో గ్రీన్ కార్డు కోసం ఐ-485 అనే దరఖాస్తు వేసి, అది పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ అనే ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కేస్తారు. హెచ్-1బి, ఎల్-1 అనే ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, ఆ వీసా చెల్లుబాటులో ఉండి, అదే వీసా మీద తిరిగి వెళ్లేటట్టయితే. ఈ అబ్బాయి ఉద్యోగం మారి ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీద పనిచేస్తున్నాడు కాబట్టి అతనికి అది వర్తించదు. అడ్వాన్స్ పెరోల్‌కి ఐ-131 ఫారం పెట్టాడు గానీ ఇంకా రాలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి ఫైల్ చేసింది, విమానం ఎక్కిన రోజునే పోతుంది. భార్యాపిల్లల దరఖాస్తులు కూడా అతని దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటాయి. ఇవన్నీ తెలిసి ఆ మాట అంటామా?

అత్యవసరమైతే అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి తొందరగా అనుమతి అడిగే దారి ఉంది. దానికి ఆధారాలు కావాలి, అవి పంపాల్సింది ఇక్కడున్న మనమే. డాక్టరు లెటర్‌హెడ్ మీద పేషెంటు పేరు, జబ్బు, పరిస్థితి ఎంత విషమంగా ఉందో రాసి సంతకం పెట్టిన ఉత్తరం కావాలి. మనిషి పోతే మరణ ధ్రువపత్రం. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఆ ఇంట్లో పెద్దాయన ఐసీయూలో ఉన్నప్పుడే ఆ ఉత్తరం తీసుకుని పంపి ఉంటే ఏమయ్యేదో, కానీ ఆ హడావుడిలో ఎవరికి తోస్తుంది? చెప్పేవాళ్లు ఉండాలి కదా.

ఇక ఐ-485 వేసే దశకే చేరనివాళ్లు మనవాళ్లలో చాలా ఎక్కువ. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఏ ఒక్క దేశానికైనా 7 శాతం పరిమితి, అందుకే ప్రయారిటీ డేట్ (క్యూలో చోటు తేల్చే తేదీ) కరెంట్ అవ్వాలంటే, అంటే వంతు రావాలంటే, మనవాళ్లకి ఏళ్లు పడుతోంది. వీళ్లకి అడ్వాన్స్ పెరోల్ ఉండదు. వీసా గడువు అయిపోయాక ఇక్కడికి వస్తే మళ్లీ స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర, చేయించుకునే వెళ్లాలి. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి వీసా తీసుకునే డ్రాప్‌బాక్స్ సౌకర్యం చాలామందికి తీసేశారు, డిసెంబరులో సోషల్ మీడియా ఖాతాల తనిఖీ పెట్టాక అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపారు. పెళ్లికని వచ్చినవాళ్లు ఉద్యోగం అక్కడ, భార్య ఒకచోట, తాము ఇంకోచోట అన్నట్టు ఇక్కడే ఇరుక్కుపోయారు. మన విశాఖ నుంచైతే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి ఇంటర్వ్యూ ఇవ్వాలి, అది మళ్లీ వాయిదా పడితే ఎంత టెన్షనో ఆ ఇంట్లోవాళ్లనే అడగాలి.

అమెరికా ఒక్కటే కాదు. ఆస్ట్రేలియాలో పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) అప్లై చేసి, నిర్ణయం వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక వీసా అయిన బ్రిడ్జింగ్ వీసా ఏ మీద ఉన్నవాళ్లు దేశం దాటితే ఆ వీసా అక్కడితో ముగిసిపోతుంది, బయలుదేరే ముందే బ్రిడ్జింగ్ వీసా బి తీసుకోవాలి. మా మేనకోడలికి ఇక్కడి కన్సల్టెన్సీ ఒకటి "పీఆర్ పెట్టేశారుగా, ఎక్కడికైనా తిరగొచ్చు" అని చెప్పింది! డబ్బులు తీసుకుని ఇలాంటి సలహాలిస్తే ఎలా? అదృష్టవశాత్తూ టికెట్ కొనేముందు అక్కడి స్నేహితురాలు చెప్పి ఆపింది. కెనడాలో పీఆర్ నిర్ణయం కోసం ఎదురుచూస్తూ ఇక్కడికి రావచ్చు, కానీ తిరిగి వెళ్లడానికి పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉండాలి, వర్క్ పర్మిట్ ఒక్కటీ చూపిస్తే చాలదు. ఏ దేశం రూలు ఆ దేశానిదే. పక్కింటి అబ్బాయి వచ్చి వెళ్లాడని మన అబ్బాయి కూడా రావచ్చనుకోవడం సరికాదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి, పంతులుగారి దగ్గరకు వెళ్లి ముహూర్తం పెట్టించే ముందు పిల్లలకు ఫోన్ చేసి కాగితాలు ఏ దశలో ఉన్నాయని అడగండి. వాళ్ల లాయరు ఏమన్నాడో అడగండి. "రాలేను" అంటే ఎందుకని అడగండి, అలగకండి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. గ్రీన్ కార్డు క్యూలో ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో చెప్పే అమెరికా వీసా బులెటిన్ నెలనెలా వస్తుంది. అది వచ్చినప్పుడల్లా ఎన్నారై పేజీలో అరపేజీ కేటాయించి, ఇమిగ్రేషన్ చట్టం తెలిసిన లాయరు చేత ఎవరు రావచ్చు, ఎవరు ఆగాలి, వచ్చేటప్పుడు ఏ కాగితాలు వెంట ఉండాలి అన్నది మాలాంటి పెద్దవాళ్లకు అర్థమయ్యే తెలుగులో రాయించండి. వచ్చే పెళ్లిళ్ల సీజన్ లోపే మొదలుపెడితే చాలా ఇళ్లకు ఉపయోగపడుతుంది.

ఒక రిటైర్డ్ ఉద్యోగి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం