డోర్స్ వాళ్ళ బేస్ సింథసైజర్ కాదు సార్

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత రాక్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో మైకేల్ జాక్సన్‌ను దాటి ఇంకొకరి గురించి రాయడమే గొప్ప, అందుకు సంతోషం, కానీ ఒక మాట మాత్రం మింగుడుపడలేదు. 1960ల నాటి అమెరికా రాక్ బృందం డోర్స్‌కు బేస్ గిటారిస్టు, అంటే పాట అడుగున లావు స్వరాలు వాయించేవాడు, లేడని, ఆ లోటును వాళ్ళ కీబోర్డు ప్లేయర్ రే మాంజరెక్ సింథసైజర్‌తో పూడ్చాడని రాశారు. మొదటిది స్టేజీ వరకు నిజమే. రెండోది తప్పు. 'లోటు' అన్న మాట మీద కూడా నాకు పేచీ ఉంది, అది తర్వాత చెప్తాను.

ఆయన ఎడమ చేతి కింద ఉన్నది ఫెండర్ రోడ్స్ పియానో బేస్. 32 కీస్ ఉండే చిన్న పెట్టె, వాక్స్ ఆర్గన్ మీద పెట్టుకుని, కుడి చేత్తో ఆర్గన్, ఎడమ చేత్తో ఇది వాయించేవాడు. కీ నొక్కితే లోపల సుత్తి లేచి సన్నటి ఉక్కు కడ్డీని కొడుతుంది, కడ్డీ అదురుతుంది, ఆ అదురును పికప్ కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ తీగ మోగేదీ ఇట్లాగే. సింథసైజర్‌లో కొట్టే సుత్తీ ఉండదు, అదిరే కడ్డీ ఉండదు. ఆసిలేటర్ అనే సర్క్యూట్ శబ్దాన్ని పుట్టిస్తే, ఫిల్టర్ దాని పదునంతా తగ్గించి మనకు కావాల్సిన రంగు తెస్తుంది. రెండూ కీబోర్డులే కదా అంటే హార్మోనియం కూడా కీబోర్డే.

ఈ గందరగోళం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసనుకుంటా. 1967లో వచ్చిన వాళ్ళ రెండో ఆల్బమ్‌లో మూగ్ కంపెనీ సింథసైజర్ వాడిన మాట నిజం, అయితే అది బేస్ కోసం కాదు, టైటిల్ పాటలో సింగర్ జిమ్ మారిసన్ గొంతును దాని గుండా పంపి వింతగా మార్చారు. ఇంకో సంగతి, స్టూడియోలో పియానో బేస్ శబ్దం మెత్తగా, అంచు లేకుండా వినిపిస్తుంది కాబట్టి చాలా పాటలకు బయటి బేస్ గిటారిస్టులనే పిలిచారు. మొదటి ఆల్బమ్‌లో లారీ నెక్టెల్, 1971 ఆల్బమ్‌లో జెర్రీ షెఫ్ వాయించారు. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ తేడాలేవీ తెలియవు. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్‌కు అంత కింది శబ్దం పలికే శక్తి లేదు. దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

సింథ్ బేస్ గురించే రాయాలనుకుంటే 1970లో వచ్చిన మినీమూగ్ అనే చిన్న సింథసైజర్ దగ్గర మొదలుపెట్టాల్సింది. అంతకు ముందు మూగ్ అంటే బీరువా అంత సరంజామా, ఊరూరా మోసుకెళ్ళే వస్తువు కాదు. మినీమూగ్‌లో ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, బేస్‌కు సాధారణంగా కావాల్సింది కూడా అంతే, అందుకే రెండింటికీ అంత బాగా కుదిరింది. కాకపోతే వేడెక్కితే శ్రుతి జారిపోయేది. మన నల్లగొండ మే నెల ఎండలో షామియానా కింద పెడితే ఏ పాట ఏ శ్రుతిలో తేలేదో దేవుడికెరుక! తర్వాత కాళ్ళతో తొక్కి బేస్ పలికించే మూగ్ టారస్ పెడల్స్ వచ్చాయి. జెనెసిస్ బృందంలో మైక్ రూథర్‌ఫర్డ్, రష్ బృందంలో గెడ్డీ లీ చేతులతో వేరే వాద్యం పట్టుకుని వీటిని కాళ్ళతో వాయించారు. మన దేశం నుంచి చరణ్‌జిత్ సింగ్ పేరైనా వేయాల్సింది. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఆయన 1982లోనే రోలాండ్ టీబీ-303 అనే బేస్ యంత్రంతో రాగాలు రికార్డు చేశాడు. ఆ యంత్రాన్ని 1984కే ఆపేశారు, షికాగో కుర్రాళ్ళు దాంతో కొత్త డాన్స్ సంగీతం పుట్టించింది ఆ తర్వాతే.

ఇక 'లోటు' సంగతి. నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. దేవరకొండ పెళ్ళయినా, చెరువుగట్టు జాతరయినా, పాలమూరులో కాలేజీ ఫంక్షనయినా మా జట్టులో బేస్ గిటార్ ఉండదు. కీబోర్డును రెండుగా స్ప్లిట్ చేసి ఎడమ చేత్తో బేస్, కుడి చేత్తో మెలొడీ, మధ్యలో సింగర్ శ్రుతి మార్చితే దాన్నీ పట్టుకోవాలి, డ్రమ్ ప్యాడ్ కొట్టే తమ్ముడి కిక్కు దెబ్బతో బేస్ ఒక్క వెంట్రుకంత కూడా పక్కకు పోవద్దు. మాంజరెక్‌ది చిన్నప్పటి నుంచి బూగీ వూగీ అనే, ఎడమ చేయి ఆగకుండా బేస్ తిప్పే పియానో శైలిలో నలిగిన ఎడమ చేయి. దాన్ని గతిలేక చేసిన సర్దుబాటులా రాస్తే, 'బేస్ వాళ్ళు లేరు కదా, రేటు తగ్గించు' అనే ఫంక్షన్ల పెద్దమనుషులకు ఇంకో సాకు దొరుకుతుంది. ఒక మనిషి ఇద్దరి పని చేస్తుంటే పైసలు పెంచాలి గానీ తగ్గించుడేంది?

వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. పియానో బేస్ ఫొటో దొరికితే అదీ వేయండి, మూత తీసి లోపలి కడ్డీలు కనిపించేదైతే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక కీబోర్డు ప్లేయర్, నల్లగొండ