వాదీ రమ్‌లో ఆ ఒక్క రాత్రి గురించి

బిడ్డా,

నీ మెసేజ్ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఫోన్లో మాట్లాడదామంటే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే రాసి పంపుతున్నాను. డిసెంబర్‌లో జోర్డాన్ పోయి, కొండల్లో చెక్కిన పాత నగరం పెట్రా చూసుకుని, వాదీ రమ్‌లో బెడూయిన్ల దగ్గర, అంటే ఆ ఎడారి తెగల వాళ్ల దగ్గర, ఒక రాత్రి ఎడారిలో పడుకుంటాం అన్నావు. అది వినగానే మీ అమ్మ అన్న మొదటి మాట: "పదకొండేండ్లు మీ నాయిన ఏ ఇసుకల నుంచి ఎప్పుడు బయటపడ్తనా అని చూసిండో, గా ఇసుకలకు ఇది పైసలిచ్చి పోతదా?" నాకు నవ్వొచ్చింది, కానీ నేను వద్దనను. నేను నీళ్ల ట్యాంకర్ తోలింది సౌదీలో తబూక్ చుట్టుపక్కల. మ్యాప్ తెరిచి చూడు, వాదీ రమ్ నుంచి సరిహద్దు దాటి ఆగ్నేయంగా వస్తే మా తబూకే. అందుకని ఈ ఒక్క విషయంలో నీకు గూగుల్ కన్నా నేనే దగ్గర.

ముందు తేదీ తేల్చుకో. నక్షత్రాలు చూడాలనే కదా పోతున్నారు, పౌర్ణమి దగ్గర పెట్టుకుంటే వెన్నెలకి సగం చుక్కలు కనపడవు, ఇసుక మాత్రం పట్టపగల్లా మెరుస్తుంది. అమావాస్యకి అటూ ఇటూ పెట్టుకోండి. గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడుందో చూడమని మీ అమ్మని అడిగాను, చూసి చెప్పింది, చెప్పి మళ్లీ తనే "అమావాస్య నాడు ప్రయాణమా?" అని మొదలుపెట్టింది. అరగంట పంచాయితీ అయ్యాక తేలిందేమిటంటే, ముందు రోజే అక్కడికి చేరుకుంటే అమావాస్య నాడు ప్రయాణం చేసినట్టు కాదట. కాబట్టి చతుర్దశికే చేరుకోండి, ఇంట్లో నాకూ ప్రశాంతంగా ఉంటుంది.

క్యాంపు బుక్ చేసేటప్పుడు ఫోటోలు చూసి పడిపోకు. ఇప్పుడు అక్కడ గాజు బుడగల్లాంటి గదులు, ఏసీలు అన్నీ వచ్చాయి, అందులో పడుకునేదానికి జోర్డాన్ దాకా ఎందుకు. రమ్ ఊరి వాళ్లు, జలాబియా తెగ వాళ్లు, చాలామంది తరాలుగా అక్కడే మేకలూ ఒంటెలూ మేపుకుని ఇప్పుడు ఈ క్యాంపులు నడుపుకుంటున్నారు, అలాంటి చిన్న క్యాంపు చూసుకో. పేరు వాదీ రమ్ అని పెట్టుకుని నిజానికి పక్క ఊరు దీసీ వైపు ఉండేవి కూడా ఉన్నాయి, కాబట్టి రక్షిత ప్రాంతం లోపలా బయటా అని సూటిగా అడుగు. పడక మరీ చవగ్గా కనపడితే ఆ లోటు జీపు టూర్‌లో రాబట్టుకుంటారేమో చూసుకో: మొత్తం ఎంత, అందులో భోజనాలు ఎన్ని, జీపు ఎన్ని గంటలు, ఇవన్నీ మెసేజ్‌లోనే రాయించుకో. దినార్ అంటే నాకు తెలిసిన రియాల్ లెక్క కాదు, ఒక్కో దినార్‌కి దాదాపు 1.41 డాలర్లు, పది దినార్లే కదా అనుకుంటే చేతులు కాలతాయి. లోపలికి ప్రవేశం 5 దినార్లు, జోర్డాన్ పాస్ అని టూరిస్టుల పాస్ ఒకటి కొంటే అది అందులోనే కలిసిపోతుంది, మూడు రాత్రులు దేశంలో ఉంటే వీసా ఫీజు కూడా కట్టక్కర్లేదు, కాకపోతే ఆ పాస్ అక్కడ దిగకముందే కొనాలి. నగదు అకబాలోనో పెట్రా పక్క ఊరు వాదీ మూసాలోనో తీసుకుని పెట్టుకో.

చలి గురించి మాత్రం నేను ఎంత చెప్పినా నువ్వు నమ్మవు, ఎడారి అంటే మన కరీంనగర్ మే నెల అనుకుంటావు. డిసెంబర్ రాత్రుల్లో అక్కడ సున్నా దగ్గరికి పోతుంది. ఐదున్నర దాటితే పొద్దు గూకుతుంది, మళ్లీ తెల్లవారేది ఏడు దాటాకే, అంటే పదమూడు గంటలకు పైగా చలి. నేను మొదటి ఏడాది ట్యాంకర్ క్యాబిన్లో పలుచటి దుప్పటితో పడుకుని, తెల్లారి స్టీరింగ్ పట్టుకుంటే వేళ్లు వంగలేదు. అక్కడి ముసలాళ్లు ఫర్వా అని లోపల గొర్రెతోలు వేసిన పొడుగాటి కోటు తొడుక్కుంటారు. వాళ్ల పాత గుడారాలు మేక వెంట్రుకలతో నేసినవి, వాన తగలగానే దారం ఉబ్బి నీళ్లు కారనివ్వదు, మన గొల్లవాళ్ల గొంగడి కప్పుకుని వానలో నిలబడ్డట్టే ఉంటుంది. తాత గొంగడి ఇంకా ఇంట్లో ఉంది, నీకు పంపుదామంటే నువ్వు ఎయిర్‌పోర్ట్‌లో పరువు పోతుందంటావు. కనీసం లోపల ఒక థర్మల్, ఉన్ని సాక్సులు, చెవులు కప్పే టోపీ తప్పక పెట్టుకో, బయట ఆకాశం కింద పడుకుంటామని ముందే చెబితే వాళ్లు పరుపులూ బరువు దుప్పట్లూ ఇస్తారు.

వాదీ అనే మాట గుర్తుపెట్టుకో, అంటే వాగే. పేరులోనే ఉంది. మనకి పైన ఎక్కడో వాన పడి ఇక్కడ ఎండలో నిలబడి ఉండగానే వాగు వచ్చినట్టు, అక్కడ కూడా వస్తుంది, చలికాలంలోనే వానలు. మబ్బు పట్టి ఉంటే ఇరుకు లోయల్లోకి వద్దు, జీపు అతను వద్దంటే వాదించకు.

ఇప్పుడు నేను నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి. 1996లో ఒకసారి రోడ్డు వదిలి అడ్డదారిన పోయి ట్యాంకర్ ఇసుకలో దింపాను. ఎంత యాక్సిలరేటర్ తొక్కితే అంత లోతుకి దిగింది. బండికి ఏమైనా అయితే యజమాని జీతంలో కోస్తాడని టెన్షన్, నీళ్లు ఎదురుచూసే వాళ్ల టెన్షన్, రెండు గంటలు చేతులతో ఇసుక తోడాను. అప్పుడు ఒక ముసలి బద్దూ పికప్‌లో వచ్చి దిగాడు, బెడూయిన్లని మేం అలాగే అనేవాళ్లం. బండిని చూశాడు, నన్ను చూశాడు, ఒక్క మాట అనలేదు. వెనక్కి పోయి ఎండుపుల్లలు ఏరుకొచ్చి మంట పెట్టి, మసిబారిన చిన్న కెటిల్ పెట్టాడు. నాకు ఒళ్లు మండింది, బండి మునుగుతుంటే చాయ్ ఏంట్రా అని. పంచదార పాకంలా ఉన్న చాయ్ రెండు గ్లాసులు తాగించాక లేచి, ఒక పుల్లతో టైర్ల వాల్వులు నొక్కి సగం గాలి తీసేశాడు, టైరు చదునుగా పరుచుకుంది, మెల్లగా తొక్కమన్నాడు, బండి బయటికి వచ్చింది. అప్పుడు అడిగాడు, నీది ఏ దేశం అని.

తర్వాత వాళ్ల గుడారం దగ్గరికి తీసుకెళ్లి కాఫీ పోశాడు, యాలకులు వేసిన పల్చటి కాఫీ, పిడిలేని చిన్న కప్పులో రెండు గుక్కలు. తాగి ఇస్తే మళ్లీ పోశాడు. మళ్లీ ఇస్తే మళ్లీ. వద్దంటే బాగోదేమోనని ఏడెనిమిది తాగాను, గుండె దడదడలాడింది. ఆయన మనవడు పడీ పడీ నవ్వి, కప్పుని వేళ్ల మధ్య పట్టుకుని రెండుసార్లు అటూ ఇటూ ఊపి చూపించాడు. చాలు అంటే అది. నువ్వు కూడా కుడి చేత్తో తీసుకో, చాలనుకున్నప్పుడు ఊపు, నోటితో చెప్పనక్కర్లేదు.

రాత్రి భోజనం జర్బ్ పెడతారు. ఇసుకలో గుంట తీసి, అడుగున నిప్పులు, పైన అరల స్టాండ్‌లో మాంసమూ బంగాళాదుంపలూ క్యారెట్లూ పెట్టి, మూత వేసి ఇసుక కప్పి రెండు మూడు గంటలు వదిలేస్తారు. తవ్వి పైకి తీసేటప్పుడు దగ్గర నిలబడి చూడు, ఆ ఆవిరి వాసన వేరు. కాకపోతే శనివారం పడితే నువ్వు తినవు కదా, మాంసం కొవ్వు కింది కూరగాయల మీదికి కారుతుంది, అందుకని ఒకరోజు ముందే చెప్పి వేరే గిన్నెలో పెట్టమను. చివరి నిమిషంలో చెబితే వాళ్లు నొచ్చుకుంటారు, అతిథి పస్తుంటే వాళ్లకి అవమానం.

ఇద్దరు ఆడపిల్లలే కాబట్టి ఇంకొకటి. మంచోళ్లు ఎక్కువ, తలతిక్కోడు ఒకడు ఎక్కడైనా ఉంటాడు. వేరే గుడారం కావాలని బుకింగ్‌లోనే చెప్పండి, ఎవరి మాటైనా నచ్చకపోతే మొహమాటపడకుండా "ఖలాస్", అంటే ఇక చాలు, అని లేచి రండి. వాళ్ల ఇంటి ఆడవాళ్ల ఫోటో అడగకుండా తీయొద్దు. ఊళ్లో జీపు ఎక్కేటప్పుడు క్యాంపు లొకేషన్, బండి నంబరు నాకు పంపు, లోపల సిగ్నల్ వస్తుందని నమ్మకం లేదు.

మీ అమ్మ సకినాలు పంపుతుంది, ఒక డబ్బా నీకు, ఒక డబ్బా ఆ క్యాంపు వాళ్లకి. రాత్రి తూర్పు వైపు చూస్తే ఒకే వరసలో మూడు చుక్కల గొల్లకావడి పైకి వస్తుంది, దాని పైన పిల్లలకోడి అనే చుక్కల గుంపు. మా రోజుల్లో నేను అటు చూసింది డ్యూటీ టైమ్ ఎంతయిందో తెలుసుకోవడానికి మాత్రమే. నువ్వు తీరిగ్గా చూడు. తెల్లారి రమ్ ఊరికి రాగానే ఒక మెసేజ్ పెట్టు చాలు, ఆలోపు మీ అమ్మని నేను చూసుకుంటా.

మీ నాన్న