పదో తరగతి లెక్కల మార్కులు, డాక్టర్ సీటు

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మా కర్నూలులో ఏటా ఇదే గోల. లెక్కల్లో నలభయ్యో నలభై ఐదో వచ్చిన పిల్లల తల్లిదండ్రులు "ఇంక మావాడికి డాక్టర్ సీటు రానట్టేనా సార్" అని మొహం వేలాడేసుకుని వస్తారు. ఇంకొందరు "లెక్కలు రావనే కదా బైపీసీలో వేస్తున్నాం" అని నిశ్చింతగా ఉంటారు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని, నన్నడిగితే రెండూ తప్పే.

మొదటివాళ్లకు చెప్పాల్సింది తక్కువే. ఎంబీబీఎస్ సీటు వచ్చేది నీట్ ర్యాంకుతో. ఆ 720 మార్కుల్లో బయాలజీ 360, ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180, లెక్కల పేపరే లేదు. టెన్త్‌లో లెక్కల మార్కు ఎంతని అక్కడ ఎవరూ చూడరు. పిల్లాణ్ని తిట్టడం ఆపండి.

రెండోవాళ్లతోనే నాకు టెన్షన్. ఇంటింటికీ తిరిగే కాలేజీ పీఆర్వోలు "లెక్కలు లేని గ్రూపు" అని చెప్పి చేర్పించేస్తారు, కానీ ఎంపీసీ వాళ్లు చదివే ఫిజిక్సే బైపీసీ వాళ్లదీనూ. వెక్టర్లు, సైన్ థీటాలు ఎంపీసీ పిల్లలకు లెక్కల క్లాసులో వస్తాయి, వీళ్లకు ఎవరు చెప్పాలి? కరెంటు అంటే చార్జిని కాలంతో భాగించడం అని గడగడా అప్పజెప్పిన అమ్మాయే, 3.2 ఇంటూ పది పవర్ మైనస్ 6ని 8 ఇంటూ పది పవర్ మైనస్ 3తో భాగించమంటే పవర్లు తీసేయాల్సింది పోయి కలిపేసి మైనస్ 9 వేస్తుంది. నీట్‌లో క్యాలిక్యులేటర్ ఇవ్వరు, తప్పు రాస్తే ఒక మార్కు కోత కూడా. సీటొచ్చాకైనా లెక్క తప్పుతుందా? కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కావాలి, 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే ఎంత పోయాలో డాక్టరే తేల్చాలి మరి.

2025-26లో ఇంటర్ బోర్డు లెక్కలూ బయాలజీ రెండూ ఉండే ఎంబైపీసీ గ్రూపు తెచ్చింది, మంచిదే, కానీ అది లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు. భయపడి బైపీసీకి వచ్చినవాళ్లు దాని జోలికెందుకు పోతారు? వాళ్ల కోసం ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫస్టియర్ మొదట్లోనే ఒక నెల, రోజుకో గంట, ఘాతాలు, లాగరిథమ్‌లు, త్రికోణమితి, గ్రాఫులు చెప్పించండి, పరీక్ష పెట్టకుండా. కాలేజీలోనే ఉన్న లెక్కల లెక్చరర్‌కు టైమ్‌టేబుల్‌లో ఆ గంట కేటాయిస్తే చాలు, కొత్త పోస్టులేం అక్కర్లేదు.

— ఒక ఫిజిక్స్ లెక్చరర్, కర్నూలు