ఇరాక్ విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది నిజామాబాద్ జిల్లా. బస్రాలో మూడేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. 50 డిగ్రీల ఎండలో కరెంటు పోతే, పక్కింటి ముసలావిడ తడిగుడ్డ మనవడి ఒంటికి చుట్టి, వీధి జనరేటర్ ఎప్పుడు మోగుతుందా అని గుమ్మంలో కూర్చునేది. ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత మీ ఇంజనీర్లే పాత సామాన్లు అతికించి నెలల్లో చాలాచోట్ల కరెంటు తెచ్చారు. 2003లో అమెరికా దాడి తర్వాత విదేశీ కాంట్రాక్టర్లు వచ్చారు, గ్యాస్‌తో కరెంటు తీసే టర్బైన్లు వచ్చాయి. వాటికి కావాల్సిన గ్యాస్ మాత్రం అందలేదు. బస్రా చమురు బావుల దగ్గర అదే గ్యాస్ రాత్రంతా మండిపోతుంటే, మీరు ఇరాన్ నుంచి కొన్నారు!

ముందు ఆ గ్యాస్‌ను పట్టండి. ఏ కాంట్రాక్టయినా స్పేర్ పార్టులు, మీవాళ్లకు ట్రైనింగ్ రాసివ్వందే సంతకం పెట్టకండి.