ఫ్లూ మందుల గురించి మా షాపుకు వచ్చేవారికి విన్నపం

2025 ఫిబ్రవరిలో మన తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్లకు సోకింది బర్డ్ ఫ్లూయేనని భోపాల్ ప్రయోగశాల తేల్చిన నాటి నుంచి, మా మందుల షాపుకు వచ్చేవారు అడుగుతున్నది ఒక్కటే: "ఇది మనుషుల్లో పాకితే మందు దొరుకుతుందా?" కౌంటరు దగ్గర హడావుడిగా చెప్పే జవాబు చాలడం లేదు కనుక వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. 2020 మార్చిలో మాస్కుల కొరత మొదలైనప్పుడు, నా దగ్గరున్న పన్నెండు పెట్టెల్లో పదింటిని ఒకే పెద్దమనిషికి ఒక్క పూటలో అమ్మేశాను. మర్నాడు, డయాలిసిస్‌కు వెళ్లే మేష్టారు ఒకరు ఒక్క మాస్కు కోసం వస్తే, ఖాళీ అరను చూపించి పంపించవలసి వచ్చింది. మూడు పొరల మాస్కు పది రూపాయలకు మించరాదని ఆ నెలలోనే కేంద్రం ధర కట్టినా, అమ్మడానికి నా దగ్గర సరుకే లేకపోయింది. ఇకపై కొరత వస్తే ఇంటికి ఒక పెట్టె మాత్రమే ఇస్తాను. ఎంత పాత పరిచయమున్నా ఈ లెక్క మారదు.

ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామన్నదీ రిజిస్టరులో రాసి, దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. కాబట్టి "ముందుజాగ్రత్తకు రెండు షీట్లు ఇవ్వండి బాబాయ్" అని వరస కలిపి అడిగినా ఇవ్వలేను. లక్షణాలు కనిపించిన 48 గంటల లోపు మొదలుపెడితేనే ఈ మందు బాగా పనిచేస్తుంది కనుక, మీ బీరువాలో ఉండడం కంటే జ్వరం వచ్చిన రోజునే డాక్టరును కలవడం ముఖ్యం. పెద్దలకు మామూలుగా రాసే కోర్సు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఐదు రోజులకు పది గుళికలు. ముప్పై మందికి సరిపడా నిల్వ ఉంచి, గడువు దగ్గరపడినవి మారుస్తూ ఉంటాను.

ఏటా వేసే ఫ్లూ టీకా కూడా తెప్పిస్తున్నాను. అయితే అది బర్డ్ ఫ్లూ రాకుండా ఆపదు. ఈ మాట చెబితే నా అమ్మకం తగ్గుతుందని తెలిసీ చెబుతున్నాను. ఏటా వచ్చే ఫ్లూ నుంచి వృద్ధులకు, మధుమేహం, ఆస్తమా ఉన్నవారికి అది రక్షణ ఇస్తుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గత మే నెలలో కరెంటు పోయి, ఇన్వర్టరు బ్యాటరీ చేతులెత్తేసి, తెల్లారి చూసేసరికి ఫ్రిజ్‌లోని థర్మామీటరు 14 చూపించింది. అందులోని టీకాలు, ఇన్సులిన్ అన్నీ పారబోశాను. ఇప్పుడు కొత్త బ్యాటరీ పెట్టి, ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత రాసే పుస్తకాన్ని ఫ్రిజ్ తలుపుకే కట్టాను, అడిగి చూడవచ్చు.

షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా జీతం కోయకుండా ఇంటికి పంపిస్తాను, ఆ రోజుల్లో రాత్రి పదికి బదులు ఎనిమిదికే మూసేస్తాను. ఈ ఖర్చులన్నిటి వల్ల, నెలవారీ బీపీ, షుగరు మందులపై ఇస్తున్న పది శాతం తగ్గింపును వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఏడు శాతానికి కుదిస్తున్నాను.