నల్లకోటు మడతలు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

రేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపం తెచ్చుకోకురా, పెళ్లిళ్ల సీజన్, ఊపిరి సలపలేదు. అమ్మ మోకాలు తగ్గింది, పాప నడుస్తోంది, మైపాడు వెళ్లి చాన్నాళ్లయింది. అవన్నీ తర్వాత. ఈ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కొత్త మానిటర్ కొన్నా కదా. దాని మీద చేసిన మొదటి పని ఒక కావలి పెళ్లి ఆల్బమ్. రంగులు ధగధగా మెరుస్తుంటే కొత్తది కదా అని మురిసిపోయా. రిసెప్షన్ ఫోటోల్లో మాత్రం పెళ్లికొడుకు నల్లకోటు ఒకటే ముద్ద, కాలరేదో మడతేదో తెలీలేదు. చీకటి భాగాలను బాగా లేపి పంపించా. ప్రింటయి వస్తే కోటు బూడిద పూసినట్టుంది! జుట్టూ అంతే. పెళ్లికూతురు నాన్న ఒక్క మాటా అనకుండా ఆల్బమ్ మూసి బల్ల మీద పెట్టాడు. తిట్టినా బాగుండేదిరా. ల్యాబువాళ్లు ఫైలే అలా ఉందన్నారు. నిజమే.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, లైట్లు ఆపి, టెస్ట్ ప్యాటర్న్‌లు తెరిచా. నల్లటి తెర మీద నల్లటి గళ్లు, ఒక్కోదాని పక్కన అంకె. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. మంచి తెరైతే 3, 4 నుంచే గడి లీలగా తేలాలి. నాకు 16 దాకా ఏమీ లేదు! తెలుపు వైపు 235 దాటాక అంతా సున్నం గోడే. పెళ్లికూతురి మల్లెలు కూడా అందుకే దూదిలా కనపడ్డాయి.

ఆ రెండు అంకెలు చూడగానే వెలిగింది. టీవీ వీడియో లెక్కలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటరేమో 0 నుంచి 255 దాకా పంపుతోంది. హెచ్‌డీఎంఐ కేబుల్లో వచ్చేది టీవీ సిగ్నలనుకుని మానిటర్ రెండు కొసలూ కోసేస్తోంది. మెనూలో ఆర్‌జీబీ రేంజ్ ‘లిమిటెడ్’ నుంచి ‘ఫుల్’కి మార్చా. ఎండల్లో పెన్న తగ్గేకొద్దీ ఇసుక తిన్నెలు తేలినట్టు ఆ గళ్లన్నీ బయటపడ్డాయిరా! వెంటనే పాత ఫోటో తెరిచా. కోటు మడతలు, గుండీల చుట్టూ దారం, జేబు అంచు... అన్నీ ఉన్నాయి. ఎంతసేపు చూశానో.

నువ్వూ చూసుకో. నీ ‘ఊసరవెల్లి’ మానిటర్‌తోనే ఇంకా పోస్టర్లు చేస్తున్నావా? దాని ముందు తల కదిపితే రంగు మారుతుంది, నిటారుగా కూర్చో. సన్నటి నలుపు తెలుపు గీతలు, పక్కన బూడిద గళ్లు ఉండే బొమ్మ ఒకటుంటుంది. వెనక్కి జరిగి కళ్లు చికిలిస్తే, గామా (అంకె పెరిగేకొద్దీ వెలుగు ఎలా పెరగాలో చెప్పే లెక్క) 2.2 అయితే గీతలు 186 గడిలో కలిసిపోవాలి. 255లో సగం కదా అని 128లో కాదు! బొమ్మ నూరు శాతం సైజులోనే ఉండాలి, చిన్నది చేస్తే లెక్క తప్పుతుంది.

ఆల్బమ్ నా డబ్బుతో మళ్లీ వేయించా. రేపు పొద్దున నేనే కావలి తీసుకెళ్లి ఆయన చేతికిస్తా. టెన్షన్‌గా ఉందిరా, ఈసారన్నా నోరు విప్పుతాడో లేదో. ఇంకోటి, ఆకాశం ఫోటోల్లో చారలు పడేవి చూడు, వాటికి కూడా... అమ్మ లైటు ఆపమంటోంది. బస్సు అయిదున్నరకే.

ఉంటా,
నీ రాజా